వీణ పహరా, చీపురు పహరా

హరినామ సప్తాహం నడిచే ఏడు రోజులూ వీణ నేలను తాకదు. మందిరం ముందు పందిట్లో ఎవరో ఒకరు దాన్ని మెడలో వేసుకుని నిలబడే ఉంటారు, పగలైనా నడిరాత్రయినా. ఆయన సమయం తీరగానే ఇంకొకరు వచ్చి ఎదురుగా నిలబడతారు. ఇద్దరూ వంగి ఒకరి కాళ్లకొకరు మొక్కుతారు. పట్టీ ఈ మెడలోంచి ఆ మెడలోకి మారుతుంది. మారుతున్నంతసేపూ నామం ఆగదు. దీన్నే పహరా అంటారు. ఎవరి పహరా ఎప్పుడో సప్తాహం మొదలవకముందే రాసి పెట్టుకుంటారు. రాత్రి రెండు గంటల వంతు పడిన రైతు, తెల్లారి చెరకు కోతకు మనుషుల్ని తీసుకుపోవాల్సి ఉన్నా సరే, దుప్పటి కప్పుకుని వచ్చి నిలబడతాడు.

నిజామాబాద్ జిల్లాలో బోధన్ నుంచి సాలూర దాకా పోతే మంజీర నది వస్తుంది. వంతెన దాటితే బిలోలి, అంటే మహారాష్ట్ర. ఈ ఒడ్డు ఊళ్లలో చాలా ఇళ్లలో తెలుగూ మరాఠీ రెండూ నడుస్తాయి. పండరీపురం విఠలుడి భక్తులైన వార్కరీల భజనను అక్కడెవరూ పొరుగు రాష్ట్రపు కళగా చూడరు, అది ఇంటి పాటే. తెల్లవారుజామున కాకడ హారతి, పగలు జ్ఞానేశ్వరి పారాయణం, పొద్దుగూకే వేళ హరిపాఠం, రాత్రి కీర్తన, ఆపైన జాగరం. చివరి రోజు కాలా కీర్తన అయ్యాక ఉట్టి కొట్టి, పేలాలూ పెరుగూ కలిపిన ప్రసాదం పంచుతారు. ఆరుబయట సంగీతోత్సవం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందు చూపించేది దీన్నే.

రాత్రి కీర్తన ఊపందుకున్నప్పుడు చూడాలి. టాళ్లు (చేతి తాళాలు) పట్టినవాళ్లు రెండు వరసలుగా ఎదురెదురు నిలబడతారు. మృదంగం లయ పెంచుతుంది. ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి, అందరి మోకాళ్లూ ఒకేసారి వంగుతాయి. గొంతు బాగున్నవాడు ముందుంటాడు, బాగాలేనివాడి గొంతును పక్కవాళ్ల గొంతులు మోస్తాయి. సంగీతం రానివాడు కూడా అందులో భాగమే, చేతిలో టాళ్లు ఉంటే చాలు. గోడలు లేనిచోట పాట నిలవాలంటే వందమంది దాన్ని పట్టుకోవాలి. ఆ వందమందిలో ఒకడిగా ఉండటం ఎలాంటి సుఖమో ఇంట్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినేవాళ్లకు చెప్పి ఒప్పించలేం. చలికాలం తెల్లవారుజామున, పొలాల మీద మంచు ఇంకా లేవకముందే కాకడ కోసం దీపాలు పట్టుకుని నడిచి వచ్చే ఆడవాళ్లను చూసినవాళ్లకు ఆ మాట వేరే చెప్పక్కర్లేదు.

ఇంత చిన్న ప్రాంతంలో ఇన్ని రకాల ఆరుబయటి పాట పోగుపడటానికి కారణం నీళ్లూ చక్కెరా. 1931లో నిజాంసాగర్ పూర్తయి కాలువలు పారాక కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి వర్ని, కోటగిరి, బోధన్ చుట్టూ క్యాంపులు కట్టుకున్నారు. కోలాటాలూ పద్యనాటకాలూ వాళ్లతో వచ్చాయి. 1930ల చివర బోధన్ పక్కన షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఎక్కడెక్కడి కార్మికులో వచ్చి చేరారు. ఉర్సుల్లో కవ్వాలీ ముందే ఉంది, వర్ని దగ్గర బడాపహాడ్ దర్గాకు అన్ని మతాలవాళ్లూ ఎక్కుతారు. నిజామాబాద్ పట్నానికి ఊర పండుగ ఉంది. ఆషాఢంలో ఒక ఆదివారం ఖిల్లా వైపు నుంచి గ్రామదేవతల ఊరేగింపు కదిలితే డప్పులూ పోతురాజులతో బజారు మొత్తం ఊగుతుంది. అమ్మవారి 'సరి' నాలుగు గింజలైనా ఇంటి మీద పడాలని జనం తోసుకుంటారు.

ఇక ఆ తోపులాట సంగతికి వద్దాం. సంబరం గురించి చెప్పినంత ఇష్టంగా కష్టం గురించి మనం చెప్పుకోం. జాతరకు, ఊరేగింపుకు, ఊరి మైదానంలో పెట్టే పాటల కచేరీకి పోయివచ్చిన ఆడవాళ్లను అడగండి, పాట కంటే ముందు వేరే మాట వస్తుంది.

"నీళ్లు తాగవా అక్కా?"

"వద్దు చెల్లె. తాగినంక ఎటు వోవాలె?"

ఈ రెండు మాటలు మన ప్రతి పండుగ మైదానంలోనూ వినపడతాయి. మధ్యాహ్నం నుంచే నీళ్లు మానేసి, పెదాలు ఎండి, తలనొప్పితో అర్ధరాత్రి దాకా కూర్చుంటారు. ఇంటికొచ్చాక మూత్రంలో మంట, జ్వరం. పండుగ ఖర్చుల్లో దీన్ని ఎవరూ రాయరు. మిగతా కష్టాలు మగవాళ్లకూ తెలిసినవే: దుమ్ము, తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో, పోయిన చెప్పులు, గుండెలో దడ పుట్టించే డీజే పెట్టెలు, ఆటోవాడు మూడింతలు అడగటం, నిజామాబాద్ నుంచి బోధన్ పోయే ఆఖరి బస్సు దాటిపోవటం.

ఇలాంటి కష్టాలకు దారి వెతికిన ఊరు డెన్మార్క్‌లో ఒకటుంది, రోస్కిల్డే. బోధన్ కంటే చిన్నది. రాజధాని కోపెన్‌హేగన్‌కు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు, అంటే నిజామాబాద్ నుంచి బోధన్‌కు ఉన్న దూరం కంటే కాస్త ఎక్కువ. ఆ దేశపు రాజులనూ రాణులనూ సమాధి చేసే పెద్ద చర్చి ఉండటం తప్ప ప్రపంచానికి ఆ ఊరితో పని ఉండేది కాదు. 1971 ఆగస్టులో ఇద్దరు విద్యార్థులు, ఒక కచేరీల నిర్వాహకుడు కలిసి అక్కడ రెండు రోజుల ఆరుబయటి సంగీతోత్సవం పెట్టారు. మరుసటి ఏడాది దాన్ని ఊళ్లోని ఒక సేవా సంస్థ, రోస్కిల్డే ఫౌండేషన్, చేతిలోకి తీసుకుంది. ఇప్పటికీ అదే నడుపుతోంది. లాభం మిగిలితే పంచుకోవటానికి వాటాదారులు లేరు, పిల్లలకూ యువతకూ కళలకూ మానవసేవకూ పోతుంది.

జూన్ చివర్లో మొదలై ఎనిమిది రోజులు నడిచే ఆ ఉత్సవంలో లక్షా ముప్పై వేలమంది దాకా ఉంటారు. వాళ్లలో ముప్పై వేలమంది వరకు స్వచ్ఛంద సేవకులే. ఇన్ని గంటల పని చేస్తానని ముందే ఒప్పుకుంటే టిక్కెట్టు లేకుండా లోపలికి రానిస్తారు. గేటు దగ్గర నిలబడటం, దారి చూపటం, వంట, చెత్త ఏరటం, దొడ్లు చూసుకోవటం, దేనికైనా పేరు రాయించుకోవచ్చు. తిండి దుకాణాలు చాలామటుకు చుట్టుపక్కల ఊళ్ల ఆటల క్లబ్బులవీ సంఘాలవీ. ఉత్సవంలో సంపాదించిన డబ్బుతో ఏడాదంతా పిల్లల జట్టును నడుపుకుంటారు. అందుకే వారం రోజులు చప్పుడూ బురదా రద్దీ భరించాల్సి వచ్చినా ఊరు దాన్ని తమదనుకుంటుంది.

ఈ ఉత్సవం గురించి చదివినప్పుడు నాకు సప్తాహమే గుర్తొచ్చింది. వేదిక మీద ఎలక్ట్రిక్ గిటార్లు, పందిట్లో వీణ, పైకి ఎక్కడా పోలిక లేదు. వెన్నెముక మాత్రం ఒకటే. ఎవరి వంతు ఎప్పుడో ముందే రాసుంటుంది, రాసుకున్నవాడు వస్తాడు. మన ఊళ్లలో ఇవాళ ఒక ఇంటి అన్నదానం, రేపు ఇంకో ఇంటిది. విస్తళ్లు వేసేది కుర్రవాళ్లు, నీళ్లు తెచ్చేది మరో వాడ. సప్తాహంలో కూర్చుని చూసేవాళ్లు తక్కువ, చేసేవాళ్లు ఎక్కువ. పట్నంలో పెరిగిపోతున్న కచేరీలకూ డీజే రాత్రులకూ ఈ వెన్నెముక లేదు. సౌండువాడికి డబ్బిచ్చారు, కుర్చీలవాడికి ఇచ్చారు, జనాన్ని పిలిచారు. పిలిచిన జనానికి చప్పట్లు కొట్టటం తప్ప పని లేదు, పని లేని జనానికి ఆ మైదానం మీద బాధ్యతా లేదు.

అంతమాత్రాన రోస్కిల్డే స్వర్గమని చెప్పటం లేదు. వాన పడితే అక్కడా మోకాలి లోతు బురదే. తాగి పడిపోయేవాళ్లు ఉంటారు. వెళ్లేటప్పుడు డేరాలు అక్కడే వదిలేసి పోతారు, వాటి గుట్టలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. వాళ్ల అసలు దుఃఖం దీనికంటే పెద్దది. 2000 జూన్ 30 రాత్రి, ఆరెంజ్ వేదిక మీద పెర్ల్ జామ్ అనే అమెరికా బృందం పాడుతోంది. వానకు నేల జారుడుగా ఉంది. ముందు వరసల్లో కొందరు పడిపోయారు. పడిన సంగతి వెనకవాళ్లకు తెలియలేదు, వాళ్లు ముందుకే నెట్టారు. గాయకుడు పాట ఆపి, అందరూ మూడడుగులు వెనక్కి వేయండని బతిమాలాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. తొమ్మిదిమంది యువకులు ఊపిరాడక చనిపోయారు.

ఈ ఘటన తర్వాత ఆ ఊరు చేసిన పనే మనం నేర్చుకోవాల్సింది. తప్పు జనం మీదో వాన మీదో వేసి ఊరుకోలేదు. పెద్ద వేదిక ముందున్న స్థలాన్ని కటకటాలతో గదులుగా విడదీశారు. ఒక్కో గదిలోకి లెక్కపెట్టి పంపుతారు, నిండితే ఆపేస్తారు. వెనక ఉన్న వేలమంది బరువు ముందున్నవాళ్ల ఛాతీ మీద పడకుండా చేశారు. మైదానంలో తొమ్మిది చెట్లు నాటి మధ్యలో ఒక రాయి పెట్టారు. ఏటా పాట వినటానికి వచ్చే కొత్త తరం ఆ చెట్ల పక్కనుంచే నడుస్తుంది.

మనకూ ఇలాంటి రోజు ఉంది. 2015 జులై 14, గోదావరి పుష్కరాల మొదటి పొద్దు, రాజమండ్రి ఘాట్‌లో తొక్కిసలాట. 27 మంది పోయారు. ఆ పుష్కరాలకే మన కందకుర్తిలోనూ జనం స్నానాలు చేశారు. గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది కందకుర్తి దగ్గరే, మంజీరా హరిద్రా కలిసేదీ అక్కడే. మళ్లీ 2027లో పుష్కరాలు వస్తున్నాయి. ఇసుక మీదికి దిగే దారి ఎంత వెడల్పు, ఒకేసారి ఎంతమంది నిలబడగలరు, నిండిపోయిందని ఎవరు చెబుతారు, చెబితే పైనున్నవాళ్లు ఆగుతారా? పాటకు వచ్చిన జనమైనా స్నానానికి వచ్చిన జనమైనా లెక్క ఒకటే.

రోస్కిల్డేలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆకట్టుకున్నది పాటలతో సంబంధం లేని సంగతి. 2015లో ఆ దేశపు వ్యవసాయ మండలితో కలిసి ఉత్సవంలో జనం పోసిన మూత్రాన్ని ట్యాంకుల్లో పట్టారు. దాదాపు 50 వేల లీటర్లు. దాన్ని ఎరువుగా బార్లీ పొలాలకు వేశారు. ఆ బార్లీతో బీరు కాచి రెండేళ్ల తర్వాత అమ్మారు. బీరు సంగతి పక్కన పెట్టండి. నత్రజని కోసం చెరకు మళ్లలో యూరియా బస్తాలు కుమ్మరించే రైతుకు, యూరియా దొరకని ఏడాది లైన్లో చెప్పులు పెట్టి నిలబడే రైతుకు, ఇందులో వెటకారం కనిపించదు. పండుగ మైదానం గోడ పక్కన ముక్కు మూసుకునేలా చేసే పదార్థమే పట్టి, నిల్వ చేసి, నీళ్లు కలిపి వేస్తే పొలానికి బలం.

ఆడవాళ్ల ఇబ్బందిని కూడా అక్కడ ఎవరో ఒకరు లెక్కపెట్టారు. మగవాళ్లు నిమిషంలో వచ్చేస్తుంటే ఆడవాళ్లు అరగంట లైన్లో ఎందుకు నిలబడాలి అన్న ప్రశ్నతో కోపెన్‌హేగన్‌లో లాపీ అనే ఆడవాళ్ల మూత్రశాలను తయారుచేశారు. ముగ్గురు ఒకేసారి వాడుకునేలా, తలుపులు లేకుండా సుడిలా తిరిగే గోడలు. 2019లో రోస్కిల్డే మైదానంలో పెట్టారు. చీర కట్టుకున్న మన ఆడవాళ్లకు ఆ నమూనా యథాతథంగా పనికిరాదు, తలుపు లేనిచోటికి వాళ్లు పోరు. కానీ లైను పొడవును కొలవటం, దాన్ని తగ్గించటం ఉత్సవ నిర్వాహకుల పనేనని ఒప్పుకోవటం, ఈ రెండూ మనకు కావాలి.

ఇంగ్లండ్‌లో గ్లాస్టన్‌బరీ ఉత్సవమైతే ఒక పాడి రైతు పొలంలోనే మొదలైంది. 1970 సెప్టెంబరులో మైకేల్ ఈవిస్ అనే ఆయన పౌండు టిక్కెట్టు పెట్టి, వచ్చినవాళ్లకు పాలు ఊరికే పోశాడు. పదిహేను వందలమంది వచ్చారట. ఇప్పుడు రెండు లక్షలు దాటతారు. నాలుగైదేళ్లకోసారి ఆ ఉత్సవాన్ని ఒక ఏడాది మానేస్తారు, గడ్డి మళ్లీ లేవాలని, ఆవులు మళ్లీ మేయాలని. 2018లో అలా మానారు. ఒక వేడుకను ఆపి నేలకు ఊపిరి పీల్చుకునే టైమ్ ఇవ్వటం పొలం తెలిసిన మనిషికే తోస్తుంది.

మన సప్తాహం దగ్గరికి తిరిగి వస్తే, దాన్ని పొగిడినంత సులువుగా దాని లోటును దాటేయలేను. వీణకు పహరా ఉంది. వంటకు వంతు ఉంది. వడ్డనకు పోటీ ఉంది. చీపురుకు లేదు. విస్తళ్లు ఎత్తటం వరకు సేవే, అందరూ చేస్తారు. అక్కడినుంచి ముందుకు, కాలువ తీయటం, దొడ్డి కడగటం, మర్నాడు మైదానం ఊడవటం, ఒక వాడ వాళ్లకు వదిలేస్తాం. పట్నంలో అయితే పారిశుధ్య కార్మికులకు వదిలేస్తాం. ఊర పండుగ మరుసటి రోజు తెల్లవారుజామున బజారులో ఊడ్చేవాళ్లు ముందు రాత్రి ఊరేగింపు చూశారో లేదో మనం అడగం. రోస్కిల్డేలో వైద్య విద్యార్థి కూడా చెత్త సంచి పట్టుకుంటాడు, అతని కులమేమిటని ఎవరూ అడగరు. మనం డెన్మార్క్ నుంచి తెచ్చుకోవాల్సినది ఒకటే ఉంటే అది ఇదే. వీణ పట్టినవాడి పేరు రాసిన కాగితంలోనే, ఆ పేర్ల నుంచే, చీపురు పహరా కూడా రాయాలి. పండరి యాత్రకు పోయే దిండీ వెంట నడుస్తూ చోఖామేళా అభంగాలు పాడేవాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన మాట కాకూడదు. ఆయన మహార్ కులస్థుడు, పండరి గుడి గడప బయటే నిలబడిన భక్తుడు.

చప్పుడు విషయంలో పుణె దారి చూపింది. భీమ్‌సేన్ జోషి తన గురువు సవాయి గంధర్వ పేరిట 1953లో మొదలుపెట్టిన సంగీతోత్సవం ఒకప్పుడు రాత్రంతా సాగేది. రాత్రి పది తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వద్దన్న 2000 నాటి నిబంధనలు వచ్చాక వేళలు మార్చుకుంది. ఉత్సవం చిన్నబోలేదు. సప్తాహానికైతే ఇంకా సులువు. టాళ్లకూ మృదంగానికీ మైకు అక్కర్లేదు. పదింటికి మైకు కట్టేసి జాగరం నోటితోనే సాగిస్తే పక్క వీధిలో పరీక్షకు చదివే పిల్లా నిద్రపోతుంది, పందిట్లో భజనా ఆగదు.

ఈ జిల్లాలో ఏడాదికి ఒక శని, ఆదివారం అందరి పాటా ఒకే ఆకాశం కింద వినాలని నాకు గట్టి కోరిక. డిసెంబరు చివరో జనవరో అయితే ఎండా లేదు, వానా లేదు. మంజీర ఒడ్డు భజన, బడాపహాడ్ దారి కవ్వాలీ, క్యాంపుల కోలాటం, ఒగ్గు కథ, డప్పు. స్థలం అలీసాగర్ దగ్గర కావచ్చు, బోధన్‌లో కావచ్చు. 2015 డిసెంబరులో లేఆఫ్ పెట్టి చక్కెర ఫ్యాక్టరీ మూసేశాక చెరకు బళ్ల వరసలు చూడని ఊరికి రెండు రోజులైనా జనం వస్తే టీ కొట్టు మొదలు బెల్లం అమ్మేవాళ్ల దాకా నాలుగు పైసలు చూస్తారు. దుకాణాలు బయటి కాంట్రాక్టరుకు ఇవ్వొద్దు. మహిళా సంఘాలకు, యువజన సంఘాలకు, బడి పిల్లల కబడ్డీ జట్లకు ఇవ్వాలి. మిగిలినది బడికో లైబ్రరీకో పోవాలి, లెక్క పంచాయతీ గోడ మీద రాయాలి.

పెద్ద గాయకుణ్ని పిలవటం చివరి పని. ముందు మైదానం పటం గీయాలి. ఆడవాళ్లు కూర్చునే వైపునే దొడ్లు, వాటికి తలుపు, గడియ, నీళ్లు, దారి పొడవునా లైటు. మగవాళ్లకు పెట్టిన వాటికి రెట్టింపు. నీళ్ల డ్రమ్ము పిల్లలకు అందే ఎత్తులో. లోపలికి ఒక దారి, బయటికి రెండు. వేదిక ముందు కటకటాలు, నిండిందని చెప్పి పాట ఆపించే అధికారం ఒక్క మనిషి చేతిలో, ఆ మనిషి పేరు అందరికీ తెలిసేలా. రాత్రి పదిన్నరకు బోధన్ వైపు, నిజామాబాద్ వైపు బస్సులు ఉంటాయని డిపో మేనేజరు దగ్గర ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. పహరాల కాగితంలో ఆదివారం రాత్రి పది నుంచి సోమవారం మధ్యాహ్నం వరకు ఊడ్చేవాళ్ల పేర్లు ఉండాలి, కమిటీ అధ్యక్షుడి పేరుతో మొదలుపెట్టి.